పాఠం చెప్పే తెరకు ప్రశ్న వేసేదెవరు?



మీ తరగతి గదిలో నల్లబల్ల పక్కన ఇప్పుడొక పెద్ద తెర ఉండే ఉంటుంది. వేలితో తాకితే చాలు, గుండె కొట్టుకుంటుంది, అగ్నిపర్వతం పేలుతుంది, గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. ఏళ్ళ తరబడి సుద్దముక్కతో బొమ్మలు గీస్తూ వచ్చిన నాబోటి ఉపాధ్యాయుడికి అది చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒక్క గుండె బొమ్మ గీయడానికి నాకు అర పీరియడు పట్టేది. అంత కష్టపడి గీశాక వెనక బెంచీలో ఎవడో ఒకడు "సార్, అది వంకాయా?" అని అడిగేవాడు.

కనుక ఈ తెరలూ ట్యాబులూ వద్దని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. వాటిని ఎలా కొలవాలో చెప్పడానికి రాస్తున్నాను. బట్ట కొలవడానికి గజం బద్ద ఉంది, పాలు కొలవడానికి లీటరు ఉంది. మరి బడిలోకి వచ్చిన యంత్రం మంచిదో కాదో ఏ కొలతతో కొలుస్తాం? ఆ కొలత నాకు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నేర్పింది. ఆ కథ వినండి.

పడవలాంటి నెలవంక

2025 మార్చి 30, ఆదివారం. ఆ రోజు ఉగాది. ఆ సాయంత్రమే రంజాన్ నెలవంక కూడా కనిపించింది. తిరుపతికీ చిత్తూరుకూ నడుమ ఉన్న మా ఊళ్ళో పండుగలు వేరైనా వీధులు ఒకటే. పొద్దున ఉగాది పచ్చడి తిన్న పిల్లలు, సాయంత్రం పక్కింటి పిల్లలతో కలిసి మిద్దెలెక్కి పడమటి వైపు చూశారు. సన్నని నెలవంక కనబడగానే కేకలు పెట్టారు. మర్నాడు రంజాన్ సెలవు. ఆ మరుసటి రోజు, ఏప్రిల్ 1న, ఒంటిపూట బడికి అందరూ వచ్చారు.

ఎనిమిదో తరగతికి ఆ రోజు చంద్రకళల పాఠం పునశ్చరణ చేయిస్తున్నాను. తెర మీద ఒక చక్కని వీడియో నడుస్తోంది. అమావాస్య తర్వాత చంద్రుడి కుడి అంచు సన్నగా వెలిగింది. ఆ వెలుగు నిటారుగా, కొడవలిని నిలబెట్టినట్టుగా ఉంది. క్రమంగా పెరిగి సగమై, నిండు చంద్రుడైంది. పిల్లలందరూ కళ్ళప్పగించి చూస్తున్నారు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, నెలవంక అట్లా ఉండదు సార్. మొన్న మేము చూసినప్పుడు పడవ మాదిరి పడుకొని ఉండె. ఇందులో నిలబడి ఉంది."

నేనేమన్నానో తెలుసా? "వీడియో తయారుచేసిన వాళ్ళకు నీకంటే బాగా తెలుసమ్మా, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. పాఠం ముందుకు సాగింది. గంట కొట్టారు.

కానీ ఆ మాట నన్ను వదలలేదు. ఆ సాయంత్రం మిద్దె మీదికి వెళ్ళి చూశాను. పడమటి ఆకాశంలో చంద్రుడు రెండు కొమ్ములూ పైకెత్తుకొని, అచ్చం పడవలాగే పడుకొని ఉన్నాడు! మా ఊళ్ళో నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న నెలవంక అదే. అయినా తెర మీద బొమ్మ కనబడేసరికి, నా కళ్ళతో చూసింది మరిచిపోయి బొమ్మ పక్షాన నిలబడ్డాను. తప్పు తెరది కాదు, నాది.

మరి వీడియో అబద్ధం చెప్పిందా? లేక మన ఆకాశం వేరుగా ఉంటుందా? ఆ తగువు ఎలా తీరిందో చివర చెబుతాను. అంతకంటే ముందు ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. అంత అందమైన వీడియోకు ఆ అమ్మాయి ప్రశ్న వినబడలేదు. వినబడే దారి లేదు. బడిలో యంత్రాల చరిత్ర అంతా ఈ దారి చుట్టూనే తిరిగింది. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన దేశంలో చాలా ఎత్తు నుంచి, 36,000 కిలోమీటర్ల పైనుంచి మొదలైంది.

ఆకాశం నుంచి దిగిన పాఠం

1975లో మన దేశంలో టెలివిజన్ కొన్ని నగరాల్లోనే ఉండేది. పల్లెటూరి పిల్లల్లో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. అలాంటి రోజుల్లో మన శాస్త్రజ్ఞులు పల్లెలతోనే మొదలుపెడదామని తలపెట్టారు. ఆ ఆలోచనకు మూలపురుషుడు విక్రమ్ సారాభాయ్. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది. ప్రయోగం మొదలవక ముందే, 1971లో, సారాభాయ్ కన్నుమూశారు. అహ్మదాబాదులో ప్రొఫెసర్ యశ్‌పాల్ నాయకత్వాన పని సాగింది. దీని పేరు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. పొట్టిగా 'సైట్' అనేవారు.

ఈ ప్రయోగానికి వాడిన ఉపగ్రహం ఎ.టి.ఎస్.-6. నాసా దీన్ని 1974 మే 30న ప్రయోగించి, తర్వాత మనకు కనిపించేలా తూర్పుకు జరిపింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక ఏడాది పాటు, అది 6 రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆ 6 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణ జిల్లాలతో పాటు మన రాయలసీమ నుంచి కర్నూలు జిల్లాకు అందులో చోటు దక్కింది.

ఇందులోని విజ్ఞానాన్ని కాస్త గమనించండి. మామూలుగా ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతాలు భూమిని చేరేసరికి బలహీనపడతాయి. వాటిని పట్టడానికి నేల మీద పెద్ద ఖరీదైన ఏరియల్ కావాలి. ప్రతి పల్లెలోనూ అలాంటిది పెట్టడం సాధ్యమా? కాదు. అందుకని శాస్త్రజ్ఞులు లెక్కను తలకిందులు చేశారు. పెద్ద ఏరియల్‌ను ఆకాశంలోనే పెట్టారు. ఎ.టి.ఎస్.-6 ఆకాశానికి వెళ్ళాక 9 మీటర్ల వెడల్పున గొడుగులా విచ్చుకుంది. టార్చిలైటుకు వెనక అద్దం ఎలాగో, దానికి ఆ గొడుగు అలాగ. వెలుగు నలుమూలలకూ చెదరకుండా ఒక దిక్కుకే వస్తే దూరాన ఉన్నవాడికి కూడా బాగా కనబడుతుంది కదా! సంకేతం అలా బలంగా రావడం వల్ల పల్లెలో 3 మీటర్ల ఏరియల్ సరిపోయింది. దాన్ని దేనితో చేశారో చెప్పుకోండి? కోళ్ళ గూళ్ళకు కట్టే తీగ వలతో! మరి వలకు ఉన్న కన్నాల్లోంచి తరంగాలు జారిపోవా? జారిపోవు. ఆ తరంగాల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. కన్నాలు దానికంటే ఎంతో చిన్నవి. కనుక ఆ తరంగానికి వల కూడా రేకులాగే పనిచేస్తుంది.

ఉదయం పూట గంటన్నర సేపు బడి పిల్లల కార్యక్రమాలు వచ్చేవి. దాన్ని నాలుగు భాషలకు పంచితే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. హిందీ, కన్నడం, ఒరియాలతో పాటు తెలుగుకు ఒక వంతు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో టీవీని బ్యాటరీలతో నడిపారు.

ఇది ప్రపంచమంతా మెచ్చుకున్న ప్రయోగం. దానివల్ల మన ఇంజనీర్లు ఉపగ్రహ ప్రసారాలను నడపడం నేర్చుకున్నారు. అయితే ఒక్క లోటు ఉండిపోయింది. పాఠం పైనుంచి కిందికి వచ్చేది గాని, పిల్లవాడి ప్రశ్న కింది నుంచి పైకి వెళ్ళేది కాదు. తెర మీది అక్కయ్య "అర్థమైందా పిల్లలూ?" అని అడిగితే, కర్నూలు జిల్లా పల్లెలో ఒక పిల్లవాడు "కాలేదు" అన్నా ఆమెకు వినబడదు.

శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహం

ఆ లోటును తీర్చే ప్రయత్నం 29 ఏళ్ళ తర్వాత జరిగింది. అదీ మనకు దగ్గరలోనే. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. రాకెట్ 'ఎడ్యుశాట్' అనే ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. దాని బరువు సుమారు 1,950 కిలోలు. కేవలం విద్య కోసమే భారతదేశం తయారుచేసిన మొదటి ఉపగ్రహం అది. అప్పుడు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఎడ్యుశాట్‌ను భూమధ్యరేఖకు పైన, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిపారు. అది భూస్థిర ఉపగ్రహం. అంటే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే సమయంలోనే అదీ భూమి చుట్టూ ఒకసారి తిరుగుతుంది. కనుక మనకు ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు ఉంటుంది. తిరుపతి నుంచి లెక్కిస్తే దాని స్థానం దక్షిణానికి, కొద్దిగా పడమటికి ఒరిగి, నేల నుంచి దాదాపు 73 డిగ్రీల ఎత్తున. అంటే ఇంచుమించు నడినెత్తి మీదనే.

దీని విశేషం ఏమిటంటే, కొన్ని కేంద్రాల్లో అందుకునే పరికరాలతో పాటు పంపే పరికరాలు కూడా ఉంచారు. ఎక్కడో స్టూడియోలో ఉన్న ఉపాధ్యాయుణ్ణి ఇక్కడి విద్యార్థి ప్రశ్న అడగవచ్చు. ఆ ప్రశ్న ఎంతసేపట్లో చేరుతుందో లెక్క కట్టండి. పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు. రేడియో తరంగాల వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు. భాగిస్తే 0.24 సెకను. జవాబు తిరిగి రావడానికి మరో 0.24. వెరసి అర సెకను కంటే తక్కువ!

కానీ అన్ని కేంద్రాలకూ పంపే పరికరాలు అందలేదు. చాలాచోట్ల అందుకునే పరికరాలే ఉండేవి. ఎడ్యుశాట్ పని 2010లో ముగిసింది. ఉపగ్రహం మీద ప్రశ్న వెళ్ళిరావడానికి అర సెకను చాలునని అది చూపించింది. కాని అసలు ఆలస్యం ఆకాశంలో లేదు. అది బెంచీ మీద ఉంది. విద్యార్థి మనసులో పుట్టిన ప్రశ్న నాలుక మీదికి రావడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఆ ఆలస్యాన్ని ఏ రాకెట్టూ తగ్గించలేదు.

మరి దాన్ని తగ్గించిన పరికరం ఏదైనా ఉందా? ఉంది. దానికి కరెంటు కూడా అక్కరలేదు. అది పుట్టింది కూడా మన వైపే.

కరెంటు అక్కరలేని పరికరం

ఒకప్పటి చిత్తూరు జిల్లాలో భాగమైన మదనపల్లె దగ్గర, కొండల నడుమ, రిషి వ్యాలీ విద్యాలయం ఉంది. మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన బడి అది. దాని చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతున్నారు. వాటిని అక్కడ ఏమంటారో తెలుసా? 'శాటిలైట్ స్కూళ్ళు', అంటే ఉపగ్రహ పాఠశాలలు! ఇవి ఆకాశంలో తిరిగేవి కావు, పెద్ద బడి చుట్టూ పల్లెల్లో వెలసినవి.

అక్కడి చిక్కు మీకు తెలిసిందే. బడికి ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు. పిల్లలు మాత్రం ఒకటి నుంచి అయిదు తరగతుల వారు. రెండో తరగతికి పాఠం చెబుతుంటే నాలుగో తరగతి ఖాళీగా కూర్చుంటుంది. కోతల కాలంలో పది రోజులు పొలానికి వెళ్ళిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

పద్మనాభరావు, రమ దంపతులు ఈ చిక్కుకు ఒక విరుగుడు కనిపెట్టారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక అట్టకార్డు తయారుచేశారు. గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. ప్రతి కార్డుకూ ఒక జంతువో పక్షో గుర్తు. పటంలో అదే గుర్తు. పిల్లవాడు తానే వచ్చి, నిచ్చెనలో తానెక్కడ ఉన్నాడో చూసుకొని, తన కార్డు తానే తీసుకుంటాడు. కొత్త సంగతి నేర్పే కార్డులు కొన్ని, సాధన చేయించేవి కొన్ని, పరీక్షించేవి కొన్ని. వెనకబడితే మళ్ళీ సాధనకు కార్డులున్నాయి. ముందుంటే అదనపు పనికి కార్డులున్నాయి. పది రోజులు రాని పిల్లవాడు వదిలిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెడతాడు. ఆ కార్డులన్నీ ఒక పెట్టెలో అమరుతాయి. అందుకే దానికి 'పెట్టెలో బడి' అని పేరు వచ్చింది. ఈ పద్ధతిని చూసి వెళ్ళినవారు 1990లలో కర్ణాటకలో 'నలి-కలి' ప్రారంభించారు. 2003లో చెన్నై నగరపాలక బడుల్లోకి, ఆ తర్వాత తమిళనాడు అంతటికీ ఇలాంటి పద్ధతే వెళ్ళింది.

అట్టముక్క కూడా పరికరమేనా అని మీకు సందేహం రావచ్చు. తప్పకుండా! పరికరం అంటే మీటలూ దీపాలూ ఉండేదే కాదు, పని సాగించేది ఏదైనా పరికరమే. ఈ అట్టముక్క పిల్లవాణ్ణి లేపి నడిపిస్తుంది. "నేనెక్కడున్నాను? తరువాత ఏం చేయాలి?" అని వాడు తనను తానే ప్రశ్నించుకునేలా చేస్తుంది. అర్థం కాకపోతే పక్కనే ఉన్న ఉపాధ్యాయుణ్ణి అడుగుతాడు. ఇక్కడ ప్రశ్న వెళ్ళే దారి పిల్లవాడి చేతిలోనే ఉంది.

తాళం వేసిన గది, మిస్డ్ కాల్

ఇప్పుడు నేను కళ్ళారా చూసినవి రెండు చెబుతాను.

మన దేశంలో బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పాలని కేంద్ర ప్రభుత్వం 1984లోనే 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. ఇంగ్లండులో రూపొందిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను కొన్ని పాఠశాలలకు ఇచ్చారు. పల్లె బడులకు కంప్యూటర్లు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. నేను కొత్తగా ఉద్యోగం చేసిన ఒక బడిలో, వచ్చిన కంప్యూటర్లను ఒక గదిలో పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, బట్ట కప్పి, తాళం వేశారు. పిల్లలు తాకితే పాడవుతాయని భయం. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం బట్ట తీసేవారు. కొన్నేళ్ళకు అవి నిజంగానే పాడయ్యాయి. పిల్లలు తాకి కాదు, ఎవరూ తాకక!

రెండోది 2020 నాటి మాట. కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో దూరదర్శన్ సప్తగిరి చానల్‌లో పాఠాలు ప్రసారం చేశారు. తిరుమల ఏడుకొండల పేరు పెట్టుకున్న ఆ చానల్‌లో పిల్లలు లెక్కలూ సైన్సూ విన్నారు. మళ్ళీ 1975 నాటి పరిస్థితే: పాఠం వస్తుంది, ప్రశ్న పోదు. అప్పుడు మా పిల్లలే ఒక ఉపాయం కనిపెట్టారు. పాఠం అయిపోగానే నా ఫోనుకు మిస్డ్ కాల్ ఇచ్చేవారు. కొందరి ఇళ్ళలో ఫోను నాన్న వెంట పనికి వెళ్ళేది, అలాంటివారు రాత్రి ఇచ్చేవారు. నేను తిరిగి ఫోన్ చేసి సందేహం తీర్చేవాణ్ణి. పైసా ఖర్చు లేని ఆ మిస్డ్ కాల్, టీవీ పాఠానికి లేని తిరుగు దారిని ఇచ్చింది.

ఆ తర్వాత యంత్రాలు త్వరత్వరగా వచ్చాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు ఇచ్చారు. తరగతి గోడల మీదికి పెద్ద తెరలు వచ్చాయి. ఇంత జరిగినా, 2025 ఏప్రిల్ 1న ఒక అమ్మాయి ప్రశ్న అడిగితే తిరుగు దారి మూసేసింది తెర కాదు, నేను. పక్కన మనిషిని పెట్టుకొని కూడా తెరకు చెవులు లేకపోవడం అంటే ఇదే.

నెలవంక తగువు తీరింది

ఏప్రిల్ 2న తరగతికి వెళ్ళగానే ఆ అమ్మాయిని పిలిచి అందరి ముందూ చెప్పాను: "నువ్వు చూసింది నిజం తల్లీ. నేను చూడకుండా మాట్లాడాను." ఆ అమ్మాయి సిగ్గుపడి తలవంచుకుంది. అంతలో మరొకడు లేచి, "అయితే వీడియో తప్పా సార్?" అన్నాడు. "తేల్చేద్దాం" అన్నాను.

మా బడిలో చదువుకుని ఇప్పుడు లండనులో ఉంటున్న పూర్వ విద్యార్థికి ఫోనులో కబురు పెట్టాం. "ఈ రాత్రి చంద్రుడు పడమటి దిక్కున బాగా కిందికి దిగాక, ఫోను నిటారుగా పట్టుకొని, కింద ఇళ్ళ కప్పులు కూడా కనబడేలా ఫొటో తీసి పంపు" అని అడిగాం. అదే రాత్రి మా పిల్లలు కూడా తమ మిద్దెల మీది నుంచి, ఇంట్లో ఉన్న ఫోన్లతో, అదే విధంగా ఫొటోలు తీశారు. తెల్లవారేసరికి లండన్ ఫొటో వచ్చింది.

రెండు ఫొటోలనూ తెర మీద పక్కపక్కన పెట్టాం. మన చంద్రుడు దాదాపు అడ్డంగా, పడవలా పడుకొని ఉన్నాడు. లండన్ చంద్రుడు కుడివైపుకు బాగా ఒరిగి ఉన్నాడు. తరగతి అంతా ఒక్కసారి గోలగోల అయిపోయింది. కోణమానినులు బయటికి వచ్చాయి. కొమ్ము నుంచి కొమ్ముకు గీత గీసి, రెండు గీతల వంపులోనూ ఎంత తేడా ఉందో కొలిచారు. కొందరికి 36 డిగ్రీలు, కొందరికి 44 వచ్చింది. సగటు 40కి దగ్గరగా తేలింది.

అప్పుడు గ్లోబు తెప్పించాను. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. లండన్ అక్షాంశం సుమారు 51.5 డిగ్రీలు. తేడా ఎంత? దాదాపు 38! కోణమానినితో ఫొటో మీద కొలిచిన తేడా, భూగోళం మీద రెండు ఊళ్ళ తేడాకు ఇంచుమించు సరిపోయింది.

ఎందువల్ల? చంద్రుడు మారలేదు, నిలబడి చూసేవాడు ఒరిగాడు. భూమి గుండ్రన కదా! మనం మనకు 'పైన' అనుకునే దిక్కూ, లండన్ వాళ్ళు 'పైన' అనుకునే దిక్కూ ఒకటి కావు. రెండింటికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా 38 డిగ్రీల తేడా ఉంది. అందుకే పడమట అస్తమించబోయే చంద్రుడు వాళ్ళకు అంత ఒరిగి కనబడతాడు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు అస్తమించిన సూర్యుడు ఇంచుమించు చంద్రుడికి సూటిగా కిందనే ఉంటాడు. కనుక చంద్రుడి కింది భాగం వెలిగి పడవ అవుతుంది. ఆస్ట్రేలియా పిల్లలకైతే పెరిగే చంద్రుడు ఎడమవైపు వెలుగుతాడు.

మరి వీడియో? అది అబద్ధం చెప్పలేదు. పటాలలో లాగే ఉత్తర దిక్కును పైకి పెట్టి గీసిన బొమ్మ అది. ఎక్కడి నుంచి చూస్తే అలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయీ నిజమే చెప్పింది, వీడియో కూడా నిజమే చెప్పింది. రెండు నిజాలకూ మధ్య ఉన్న భూగోళాన్ని బయటికి తీసింది ఆ అమ్మాయి ప్రశ్న.

ఒక్కటి గమనించండి. మొదటి రోజున ఉన్నదీ అదే తెర, మూడో రోజున ఉన్నదీ అదే తెర. మొదటి రోజున అందరూ ఊరికే చూశారు. మూడో రోజున ఎవరూ చూస్తూ కూర్చోలేదు. అడిగారు, ఫొటో తీశారు, కొలిచారు, వాదించుకున్నారు. బడిలోకి వచ్చిన ప్రతి యంత్రాన్నీ కొలిచే గజం బద్ద ఇదే: మీ ప్రశ్న వెనక్కి వెళ్ళడానికి దారి ఉందా, లేదా?

మీరూ చేసి చూడండి

ఒకటి. అమావాస్య దాటిన రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల పాటు సాయంత్రం నెలవంకను చూసి, కొమ్ముల వంపును నోటుపుస్తకంలో గీయండి. కింద గోడనో చెట్టునో కూడా గీయాలి. లేకుంటే ఏది పైనో తెలియదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన ప్రాంతంలో పడవ ఆకారం చక్కగా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అదే నెలవంక బాగా ఒరుగుతుంది. రెండు కాలాల బొమ్మలనూ పోల్చండి. ఆ తేడా ఎందుకో మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి.

రెండు. మీ బంధువులో స్నేహితులో దూరదేశంలో ఉంటే అదే రోజు ఫొటో తెప్పించుకోండి. వంపులలోని తేడా కొలిచి, అక్షాంశాల తేడాతో సరిచూడండి.

మూడు. మీ వీధిలో ఇళ్ళ మీద ఉన్న టీవీ డిష్‌లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో దిక్సూచితో చూడండి. ఉత్తరానికి తిరిగినది ఒక్కటైనా దొరుకుతుందేమో వెతకండి. దొరకకపోతే కారణం ఏమిటి? పైన చెప్పిన ఎడ్యుశాట్ స్థానాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. డిష్ ముఖం కాస్త కిందికి వంగినట్టు కనబడితే కంగారు పడకండి. ఆ రకం డిష్‌లు తమ ముఖం చూసే దిక్కు కంటే ఎత్తు నుంచి వచ్చే సంకేతాలను అందుకునేలా తయారుచేసినవి.

నాలుగు. తరగతిలో వీడియో చూసిన ప్రతిసారీ ఒక చిన్న కాగితం మీద ఒక ప్రశ్న రాసి, గోడకు అంటించండి. "ఇది మా ఊళ్ళో కూడా ఇలాగే ఉంటుందా?" అన్నది మంచి మొదటి ప్రశ్న. వీడియోలో చూపిన చెట్టు, మట్టి, వాన, ఆకాశం మీ ఊరివేనా అని చూసుకోండి. మా బడిలో ఇప్పుడు అలాంటి గోడ ఒకటి ఉంది. దాని మీద మొదటి కాగితం ఎవరిదో మీరు ఊహించగలరు.

పిల్లలూ! రేపు మీ బడికి ఇంకా గొప్ప యంత్రాలు వస్తాయి. మీరు అడిగితే గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పేవి ఇప్పటికే వస్తున్నాయి. వాటిని వాడుకోండి, భయపడకండి. కాని మిద్దె మీదికి వెళ్ళి మీ కళ్ళతో చూడడం మానకండి. యంత్రం ఒకటి చెప్పి, మీ కళ్ళు మరొకటి చూపినప్పుడు ఊరుకోకుండా లేచి నిలబడండి. మీ సారు "కూర్చో" అంటారేమో! అన్నా ఫరవాలేదు. ఆ సాయంత్రం ఆయన కూడా మిద్దె ఎక్కి చూడవచ్చు.